పక్కన పెట్టేసిన రికార్డు

మొన్న శనివారం వంటగదిలో బియ్యం డబ్బా వెనక నేను దాచిన అట్టపెట్టెని మా వారు పట్టేసుకున్నారు. పల్లీల కోసం వెతుకుతూ వెళ్ళారట. కాపురానికొచ్చి ఇరవై మూడేళ్ళయినా ఈయనకి మా ఇంట్లో పల్లీలు ఎక్కడుంటాయో తెలీదు గానీ, నేను దాచింది మాత్రం ఒక్క నిమిషంలో దొరికింది!

"ఏంటోయ్ ఇది? మళ్ళీ రికార్డేనా?"

"ఊఁ."

"ఎంత?"

"ముప్ఫై నాలుగు."

"డాలర్లా?"

"కాదు, అణాలు!"

నవ్వేశారు లెండి. తిట్టే మనిషి కాదు. కానీ వెళ్ళిపోతూ ఒక మాట అన్నారు. "ఇవే పాటలు ఫోన్‌లో ఊరికే వస్తాయి కదా. మళ్ళీ డబ్బు పోసి కొనడం ఎందుకు? పైగా ఈ ఆల్బమ్ బాగోలేదని నువ్వే అన్నట్టు గుర్తు."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నదే ఆ జవాబు. ఆయనకొక్కరికే కాదు, కొన్న చీరని "ఎప్పటిదో పాతదే" అని బీరువా అడుగున పెట్టే అలవాటున్న మనందరికీ కూడా.

ముందు ఈ పిచ్చి నాకు ఎలా పట్టిందో చెప్పాలి. నేను తెనాలి పిల్లని, బి.ఏ. తెలుగు. 2002లో పెళ్ళై అట్లాంటా వచ్చాను. ఉద్యోగం చేసే వీసా కాదు నాది. కారు నడపడం రాదు. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది, వింటే అయ్యేది కాదు. కూరల షాపులో అమ్మాయి ఏదో అడిగితే "యస్" అనేదాన్ని. ఆ "యస్" వల్ల ఒకసారి నాలుగు కాగితం సంచులు మోసుకుంటూ ఇంటికొచ్చాను.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మా సెకండ్ హ్యాండ్ కారు రేడియోలో మాండలిన్ వినిపించింది. మాండలిన్ అంటే నాకు మన పాలకొల్లు శ్రీనివాసే. మా ఇంట్లో పొద్దున్నే ఆయన క్యాసెట్ మోగాల్సిందే, నాన్నగారికి అది లేకపోతే కాఫీ దిగదు. పరాయి దేశంలో, అంత పెద్ద హైవే మీద, మాండలిన్ వినగానే ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది. ఆ పాట 'లూజింగ్ మై రెలిజియన్'. 1991లో వచ్చిన 'అవుట్ ఆఫ్ టైమ్' అనే ఆల్బమ్‌లోది. పాడింది ఆర్.ఈ.ఎం. అనే బృందం. వాళ్ళ గిటారిస్టు పీటర్ బక్ కొత్తగా మాండలిన్ కొనుక్కుని, వాయించడం నేర్చుకుంటూ ఉండగా తట్టిన వరస అదని తర్వాతెప్పుడో చదివాను. నేర్చుకుంటూ ఉన్నవాడి పాట, నేర్చుకుంటూ ఉన్న నాకు నచ్చడంలో వింతేముంది?

ఆ పేరుతో ఇంట్లో ఒక చిన్న రభస కూడా జరిగింది. అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చినప్పుడు లైబ్రరీ నుంచి తెచ్చిన ఆ సీడీ వెనక పాట పేరు కూడబలుక్కుని చదివి, "ఇదేంటమ్మా, మతం పోగొట్టుకోవడమా? ఇంట్లో ఇలాంటివి పెడుతున్నావా?" అన్నారు. నాకూ గుండె జారింది. పక్కింటి పెద్దావిడ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ్ని అడిగితే పడీ పడీ నవ్వింది. ఇక్కడి దక్షిణాది వాళ్ళ నుడికారమట అది. ఓపిక నశించడం, సహనం పోవడం అని అర్థమట. వచ్చి అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "అయితే నాకు రోజూ పోయేది అదేనన్నమాట" అన్నారు.

ఆర్.ఈ.ఎం. మా ఊరివాళ్ళే అనుకోవచ్చు. అట్లాంటాకి డెబ్భై మైళ్ళ దూరంలో ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊరుంది. అక్కడ 1980 ఏప్రిల్‌లో, ఒక పాత చర్చిలో జరిగిన పుట్టినరోజు పార్టీలో ఈ నలుగురూ మొదటిసారి జనం ముందు కలిసి వాయించారు. మైకేల్ స్టైప్ పాడతాడు, పీటర్ బక్ గిటార్, మైక్ మిల్స్ బేస్, బిల్ బెర్రీ డ్రమ్స్. బక్ అప్పుడు ఆ ఊళ్ళో వక్స్‌ట్రీ అనే రికార్డుల షాపులో పనిచేసేవాడు. స్టైప్ అక్కడికి రికార్డులు కొనుక్కోవడానికి వచ్చేవాడు. అలా కలిశారు. పెద్ద కంపెనీల అండ లేకుండా, సొంతంగా, చిన్న చిన్న లేబుల్స్ మీద రికార్డులు తెచ్చుకునేవాళ్ళ సంగీతాన్నే ఇండీ రాక్ అంటారు. దాన్ని అమెరికాలో కాలేజీ రేడియోల నుంచి అందరి ఇళ్ళలోకి నడిపించుకొచ్చిన వాళ్ళలో వీళ్ళది ముందు వరస. 1988లో 'గ్రీన్'తో పెద్ద కంపెనీలోకి వెళ్ళారనుకోండి, అది వేరే సంగతి.

వాళ్ళ మొదటి పూర్తి ఆల్బమ్ 'మర్మర్' 1983లో వచ్చింది. ఆ ఏడాది మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఊపేస్తుంటే, రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకులు దాన్ని కాదని 'మర్మర్'ని ఉత్తమ ఆల్బమ్‌గా ఎంచుకున్నారు. నేను విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ విన్నాను. లాభం లేదు. నా ఇంగ్లీషు మీద నాకే ఏడుపొచ్చింది. ఒకరోజు ఆ పక్కింటావిడ్నే అడిగాను, "ఈయన ఏం పాడుతున్నాడో కాస్త చెబుతారా?" అని. ఆవిడ రెండు పాటలు విని, "నాకూ తెలీదమ్మాయ్, ఎవరికీ తెలీదు" అంది! ఆ తొలి రోజుల్లో స్టైప్ అలా నోట్లోనే గొణుక్కుంటూ పాడేవాడట. దానికే పేరు పడ్డాడట. ఆ రోజు నాకు కలిగిన తృప్తి చెప్పలేను. ఈ దేశంలో నాకూ ఇక్కడి వాళ్ళకీ సమానంగా అర్థంకానిది ఒకటి దొరికింది.

ఆ ఆల్బమ్ అట్ట మీద కుడ్జు తీగ ఉంటుంది. జార్జియాలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, చెట్లనీ స్తంభాలనీ పాడుపడ్డ ఇళ్ళనీ కప్పేసే తీగ. 1876లో జపాన్ నుంచి ప్రదర్శనకని తెచ్చారు. మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుందని 1930లలో ప్రభుత్వమే నాటించింది. తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. బయటి నుంచి వచ్చి వేళ్ళూనుకున్నదాన్ని అట్టంతా పరిచిన ఆల్బమ్ కాబట్టి, నాకు అది మరీ దగ్గరగా అనిపించింది. నా రికార్డుల గూట్లో ముందు పెట్టుకునేది ఇప్పటికీ దాన్నే.

రికార్డులు కొనడం 2012లో మొదలైంది. పక్కింటావిడ ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెట్టింది. అందులో ఒక టర్న్‌టేబుల్, ఒక పెట్టెడు రికార్డులు ఉన్నాయి. "నీకు ఆ గొణిగేవాడు ఇష్టం కదా" అని 'రెకనింగ్' తీసి చేతిలో పెట్టింది. ఆ అట్ట మీద బొమ్మ వేసింది హోవర్డ్ ఫిన్‌స్టర్ అని, ఈ జార్జియాకే చెందిన జానపద చిత్రకారుడు. పాములా మెలికలు తిరిగిన ఆ బొమ్మని చూస్తూ కూర్చుంటే అరగంట గడిచిపోతుంది. అప్పట్నుంచీ గరాజ్ సేల్స్, థ్రిఫ్ట్ స్టోర్లు, పాత రికార్డుల దుకాణాలు. ఇప్పుడు నా దగ్గర ముప్ఫై ఎనిమిది ఉన్నాయి. సగం ఆర్.ఈ.ఎం., మిగతావి ఆ ఊరివే పైలాన్, బి-52స్, ఇంకా యో లా టెంగో, పేవ్‌మెంట్ లాంటివి. నలభై దాటనివ్వకూడదని నియమం పెట్టుకున్నాను. కొత్తది వస్తే పాతది ఒకటి ఎవరికైనా ఇచ్చేయాలి. చీరల విషయంలో ఎప్పుడూ నిలబడని నియమం ఇందులో నిలబడుతోంది.

కొనేవాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను. పాత రికార్డులకి గ్రేడులుంటాయి. 'మింట్' అంటే కొత్తది, 'నియర్ మింట్' అంటే దాదాపు కొత్తది. దాని కింద 'వెరీ గుడ్ ప్లస్', 'వెరీ గుడ్'. మనం అమాయకంగా వెరీ గుడ్ అంటే చాలా బాగుందనుకుంటాం. గీతలు కనిపిస్తాయి, చిటపటలు వినిపిస్తాయి అని దానర్థం. ఇక ఉత్త 'గుడ్' అన్నారంటే దాని జోలికి పోకండి. పెళ్ళి సంబంధాల్లో "పిల్లాడు నెమ్మదస్తుడు" అన్నట్టే ఇదీ. రికార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చకండి, వంగిపోతాయి. పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ తగిలే కిటికీ పక్కన అసలే వద్దు. చేత్తో పట్టుకుంటే అంచులు పట్టుకోండి, తాలింపు వేసిన చేత్తో ముట్టుకోకండి. ఇది అనుభవం మీద చెబుతున్నాను.

ఇక మా వారి ప్రశ్న. ఫోన్‌లో ఊరికే వచ్చేదాన్ని కొనడం ఎందుకు?

ఇలా అనుకునేది నేనొక్కదాన్నే అయితే పిచ్చి అనొచ్చు. కానీ 2022లో అమెరికాలో సీడీల కంటే రికార్డులే ఎక్కువ అమ్ముడుపోయాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. చెవులు పెరిగి కొంటున్నారనీ, పాత వస్తువు మోజనీ రకరకాలుగా అంటారు. నాకు తెలిసిన కారణం వేరు. రికార్డు ఒక వైపు ఇరవై నిమిషాలుంటుంది. ఇరవై నిమిషాలయ్యాక ముల్లు లోపలి గీతలోకి వెళ్ళి ఊరుకుంటుంది. అంటే, అయిపోయింది. లేచి వెళ్ళి తిప్పాలి, లేదా ఇక చాలనుకోవాలి.

ఇంట్లో ఉండే ఆడదాని రోజులో అయిపోయింది అనగలిగేది ఏముంది చెప్పండి? గిన్నెలు తోమితే కాఫీ కప్పులొస్తాయి. బట్టలు మడతపెడుతుంటే ఇంకో బుట్ట నిండుతుంది. ఫోన్‌లో పాటలూ అంతే, ఒకటయ్యాక ఇంకొకటి, వాటికి అంతే లేదు, మనం వింటున్నామా లేదా అన్న పట్టింపూ లేదు. గిన్నెల దగ్గర పెట్టుకుంటే గిన్నెల చప్పుడులో కలిసిపోతాయి. రికార్డు అలా కాదు, కూర్చోబెడుతుంది. ముప్ఫై నాలుగు డాలర్లకి నేను కొనుక్కున్నది పాటల్ని కాదు, ఆ కూర్చోవడాన్ని. దాన్ని నాకు ఊరికే ఇచ్చేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు. నాతో సహా.

ఇంకో విషయం. నలుగురూ కలిసి ఉన్నప్పటి ఆర్.ఈ.ఎం. రికార్డు ఏది తీసినా, పాటలు రాసింది ఎవరు అన్నచోట నలుగురి పేర్లూ ఉంటాయి. బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. అక్షర క్రమంలో. ఎవరు ఏ పాటకి ఎంత చేశారో బయటికి లెక్క చెప్పరు. 'ఎవ్రీబడీ హర్ట్స్' అనే వాళ్ళ పెద్ద పాటకి మూలం చాలావరకు డ్రమ్స్ వాయించే బెర్రీదే. అయినా దాని కిందా నాలుగు పేర్లే. డబ్బూ సమానంగానే. నేను ఇంటి లెక్కల గురించి ఆలోచించినప్పుడల్లా ఈ అట్టల వెనక భాగం గుర్తొస్తుంది. మా వారి జీతం చీటీ మీద ఒక్క పేరే ఉంటుంది. మరి ఆ జీతం వెనక పనిచేసిన రెండో పేరు ఎక్కడ అచ్చవుతుంది? బియ్యం డబ్బా వెనక దాచుకునే అవసరం నాకు ఎందుకొచ్చిందో ఆలోచిస్తే జవాబు అక్కడే ఉందనిపించింది. ఆయన వద్దనలేదు. వద్దంటారేమోనని నేనే నా పేరు కొట్టేసుకున్నాను.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బాగోలేదని నేనే అన్న ఆల్బమ్‌ని మళ్ళీ ఎందుకు కొన్నాను?

డిగ్రీలో ఉన్నప్పుడు 'వేయిపడగలు' చదవమంటే పేజీలు దాటేసి పరీక్ష రాసినదాన్ని నేను. ముప్ఫై ఎనిమిదో ఏట మళ్ళీ పట్టుకుంటే రాత్రి రెండింటి దాకా కింద పెట్టలేదు. పుస్తకం మారలేదు కదా! అప్పటి నుంచి నాకొక అలవాటైంది. నచ్చనివాటిని పదేళ్ళకోసారి మళ్ళీ చూడటం. కిందటేడు ఆర్.ఈ.ఎం. ఆల్బమ్‌లన్నీ వరసగా విన్నాను. నా పాత తీర్పులు కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు.

'మర్మర్', 'రెకనింగ్' ఎక్కడివక్కడే ఉన్నాయి. 1985 నాటి 'ఫేబుల్స్ ఆఫ్ ది రీకన్‌స్ట్రక్షన్' ఒకప్పుడు మబ్బు పట్టినట్టుందని పక్కన పెట్టాను. వీళ్ళు ఇల్లు విడిచి లండన్ వెళ్ళి, చలిలో వానలో దిగులుపడుతూ, సొంతూరి కథలు పాడిన ఆల్బమ్ అది. దేశం వదిలొచ్చినదాన్ని, ఆ దిగులు నాకు మొదట్లో ఎందుకు అంటలేదో! బహుశా అప్పుడు నేను అందులోనే ఉన్నాను కాబట్టి. 'అవుట్ ఆఫ్ టైమ్' మాత్రం కొంచెం కిందికి దిగింది. అందులో 'షైనీ హ్యాపీ పీపుల్' పెట్టి మా అబ్బాయికి ఎన్ని ముద్దలు తినిపించానో, ఇప్పుడు వింటే పళ్ళు జివ్వుమంటున్నాయి. వాళ్ళకీ అంతేనేమో, 2003లో తెచ్చిన ఎంపిక పాటల ఆల్బమ్‌లో దాన్ని చేర్చనే లేదు. 1992 నాటి 'ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్' గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఏథెన్స్‌లో ఒక భోజన హోటల్ నినాదాన్ని పేరుగా పెట్టుకున్న ఆ ఆల్బమ్‌లో సగం పాటలు చావు గురించే. నాన్నగారు పోయిన ఏడాది దాన్ని తియ్యలేకపోయాను, ఇప్పుడు తీస్తున్నాను.

1994 నాటి 'మాన్‌స్టర్' లక్షల్లో అమ్ముడుపోయి, తర్వాత అంతే జోరుగా పాత సీడీల డబ్బాల్లోకి వచ్చి పడింది. నారింజ రంగు అట్ట, ఏ థ్రిఫ్ట్ స్టోర్‌కి వెళ్ళినా కనిపిస్తుంది. గిటార్ల మోతలో గొంతు మునిగిపోతుందని నాకూ నచ్చలేదు. దాన్ని తయారుచేసిన స్కాట్ లిట్‌కే తృప్తి లేక, 2019లో మళ్ళీ కలిపి కొత్త రూపం తెచ్చాడు. పాతికేళ్ళ తర్వాత కూర మళ్ళీ వండి "ఇప్పుడు ఉప్పు సరిపోయిందా?" అని అడిగినట్టు. నాకైతే ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. 1996 నాటి 'న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై' ఇప్పుడు నా లెక్కలో అన్నిటికంటే పైకి వచ్చింది. ఊళ్ళు తిరుగుతూ, కచేరీల మధ్య దొరికిన సమయంలో రికార్డు చేసిన పాటలు. తీరిక దొరికాక చేద్దాం అనుకునేవాళ్ళు ఒకసారి వినాలి.

నచ్చనిదంతా మట్టిలో మాణిక్యమే అని నేననడం లేదు. 2004 నాటి 'అరౌండ్ ది సన్' మూడుసార్లు విన్నాను, మూడుసార్లూ నిద్రొచ్చింది. దాని గురించి పీటర్ బక్కే మంచిగా చెప్పలేదు, ఇక నేనెంత!

మిగిలింది 'అప్'. 1998లో వచ్చింది. 2005లో లైబ్రరీ నుంచి తెచ్చి, రెండు రోజుల్లో తిరిగిచ్చేశాను. ఏదో మిషన్ల చప్పుడు, నీరసం, పాట మొదలయ్యేలోపే అయిపోయినట్టు ఉంటుందని మా వారితో అన్నది నిజమే.

దాని వెనక కథ ఇది. 1995 మార్చిలో, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కచేరీ చేస్తూ బిల్ బెర్రీ మెదడులో రక్తనాళం చిట్లి కుప్పకూలాడు. బతికాడు, మళ్ళీ వాయించాడు. కానీ 1997లో ఇక చాలనుకున్నాడు. తను వెళ్తే బృందం విడిపోయేట్టయితే వెళ్ళనన్నాడట. విడిపోమని వీళ్ళు మాట ఇచ్చాక వెళ్ళి వ్యవసాయం చేసుకున్నాడు. మూడు కాళ్ళున్నా కుక్క కుక్కే, కాకపోతే వేరే రకంగా పరిగెత్తడం నేర్చుకోవాలి అన్నట్టు అప్పుడు స్టైప్ ఒక మాట అన్నాడు. అలా నేర్చుకుంటూ చేసిన ఆల్బమే 'అప్'. బెర్రీ స్థానంలో బృందంలోకి కొత్త మనిషిని తెచ్చుకోలేదు. చాలాచోట్ల డ్రమ్ మిషన్లు పెట్టుకున్నారు. చాలా పాటల్లో అతను ఉండాల్సిన చోటు ఖాళీగా వినబడుతూనే ఉంటుంది.

2023 ఆగస్టులో మా అబ్బాయి కాలేజీకి వెళ్ళాడు. ఎక్కడికనుకున్నారు? ఏథెన్స్‌కే. నలుగురం ముగ్గురమయ్యాం. డెబ్భై మైళ్ళేగా అని అందరూ ఓదార్చారు. నేను మాత్రం నెల రోజుల పాటు రోజూ పాత కొలతే బియ్యం పోశాను. మిగిలిన అన్నంతో రోజు విడిచి రోజు పులిహోర. మా చిన్నది ఆఖరికి, "అమ్మా, అన్నయ్య వెళ్ళాడు గానీ వాడి అన్నం వెళ్ళలేదు" అంది. ఆ నెలలోనే ఒకరోజు ఎందుకో 'అప్' పెట్టాను, ఫోన్‌లోనే. ఇరవై ఏళ్ళ నాడు నీరసం అనుకున్నది ఈసారి మొదటి పాటకే తెలిసిపోయింది. ఇంట్లో మనిషి తగ్గాక కొలత తెలియక తడుముకోవడం అది. మనిషి పోయిన చోటుని కప్పెయ్యలేదు వాళ్ళు. కప్పనందుకే అప్పట్లో నాకు బోరు కొట్టింది, ఇప్పుడు మంచిదనిపిస్తోంది.

అంతకంటే పెద్దది ఇంకొకటుంది. చివరి పాటలకి దగ్గర్లో 'డేస్లీపర్' అని ఒకటి వస్తుంది. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే మనిషి పాట. ఎక్కడో ఆసియాలో తెల్లవారుతున్న ఊళ్ళ పనిని తన అర్ధరాత్రిలో చేసేవాడు, లైట్ల వెలుగులో తలనొప్పితో, పగలూ రాత్రీ తేడా పోయినవాడు.

2004 నుంచి మూడేళ్ళు మా వారిది రాత్రి షిఫ్టు. పొద్దున ఏడింటికి వచ్చి పడుకునేవారు. ఒక్క బెడ్‌రూమ్ ఇల్లు. కిటికీకి దుప్పటి కట్టేదాన్ని. విజిల్ వస్తుందని పగలు కుక్కర్ పెట్టేదాన్ని కాదు, పప్పు గిన్నెలోనే గంట ఉడికించేదాన్ని. 2005లో బాబు పుట్టాక, వాడు ఏడిస్తే ఎత్తుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తేదాన్ని, జనవరి చలిలో కూడా. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను, "మీ నిద్రకి కాపలా కాయడానికేనా నన్ను ఇంత దూరం తీసుకొచ్చారు?" అని. ఆయన ఏమీ అనలేదు. టిఫిన్ తినకుండానే డ్యూటీకి వెళ్ళిపోయారు. ఆ మూడేళ్ళ గురించి నా దగ్గర ఒక తీర్పు ఉండేది. కష్టపడింది నేను, నిద్రపోయింది ఆయన. ఇన్నేళ్ళూ ఆ తీర్పుని మళ్ళీ తీసి చూడలేదు.

ఆ పాట నిద్రపోయినవాడి వైపు నుంచి ఉంటుంది. అప్పట్లో నేను 'అప్' తెచ్చిందీ ఆ ఏడాదే. ఆ పాట అందులో ఉంది, పక్క గదిలో ఆ మనిషి ఉన్నాడు, నేను రెండు రోజుల్లో లైబ్రరీకి తిరిగిచ్చేశాను. నా కష్టం అబద్ధం కాదు, అది అలాగే ఉంది. కానీ ఆ ఆల్బమ్‌కి రెండో వైపు కూడా ఉందని, నేను తిప్పలేదని ఒప్పుకోవాలిగా.

అందుకే కొన్నాను, ఆ ముప్ఫై నాలుగు డాలర్లూ పోసి.

శనివారం రాత్రి చిన్నది పడుకున్నాక ఆయన్నే పిలిచి కూర్చోబెట్టాను. రెండు రికార్డులు, నాలుగు వైపులు. ఒక వైపు తర్వాత ఒక వైపు తిప్పుతుంటే "ఇంకా ఎన్నున్నాయి?" అని రెండుసార్లు అడిగారు. ఎప్పుడూ గొణిగే స్టైప్ మొదటిసారి పాటల మాటలన్నీ అచ్చు వేయించింది ఈ ఆల్బమ్‌తోనే. ఆ కాగితం చేతికిచ్చాను. 'డేస్లీపర్' వచ్చేసరికి కళ్ళజోడు పెట్టుకుని లైటు దగ్గరికి జరిగారు. పాట అయ్యాక కూడా కాగితం కింద పెట్టలేదు.

"ఇది ఎప్పటిది?" అన్నారు.

"98."

"అప్పటికి మనం ఈ దేశానికే రాలేదు."

"రాలేదు."

కాసేపు ఊరుకుని, "పప్పు గిన్నెలో వండేదానివి నువ్వు," అన్నారు, "ఆ వాసనకే లేచేవాణ్ణి, నీకు చెప్పలేదు" అని.

ఆయనకి అది గుర్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. నేనేం అనలేదు. రికార్డు తీసి కవర్లో పెట్టి, గూట్లో 'మర్మర్' పక్కనే నిలబెట్టాను. ఇక బియ్యం డబ్బా వెనక దాచేదేం లేదు. అది ముప్ఫై తొమ్మిదోది. ఇంకొక్క దానికి చోటుంది. వచ్చే నెల ఏథెన్స్ వెళ్ళి అబ్బాయికి ఆవకాయ సీసా ఇచ్చి, అటే వక్స్‌ట్రీకి వెళ్తాను. ఈసారి ధర నేనే చెబుతాను, ఆయన అడక్కముందే.

మీ ఇంట్లోనూ ఒకప్పుడు నచ్చలేదని పక్కన పెట్టేసింది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పుస్తకమో, పాటో, మూడేళ్ళ కాలమో. ఒకసారి తీసి చూడండి. మళ్ళీ నచ్చకపోతే పోయిందేముంది, 'అరౌండ్ ది సన్' అనుకుని నిద్రపోండి.